ఆచూకీ బాబాయ్

ఆఫీసులో ఆయన్ని చిన్నా పెద్దా అందరూ ఆచూకీ బాబాయ్ అనే పిలిచేవారు. పని అలాంటిది మరి. ఒకసారి సర్వేకి జవాబులు చెప్పి, ఆ తర్వాత ఇల్లు మారో, ఊరు మారో కనిపించకుండా పోయిన మనుషుల్ని వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పేరూ, పాత చిరునామా చేతిలో పెడితే చాలు, కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి ఎక్కడున్నా వెతికి తెచ్చేవాడు. వయసులో ఉన్న సర్వే పిల్లలు చేతులెత్తేసిన పేర్లన్నీ చివరికి ఆయన బల్ల మీదికే చేరేవి.

అంతకుముందు సగం జీవితం కరెంటు మీటర్ల రీడింగులు తీయడంలో గడిచింది. ఇల్లిల్లూ తిరిగే పని. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంటి మెట్టు విరిగిందో, ఏ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి ఎక్కడికెళ్ళారో అన్నీ తెలిసేవి. కొత్తరకం మీటర్లు వచ్చాయి. అవి తమ రీడింగు తామే పంపించుకోవడం మొదలుపెట్టాక ఈయన్ని ఇంటికి పంపించారు. కొన్నాళ్ళు గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. "మీరలా కూర్చుంటే గుమ్మం అరిగిపోతుంది, ఏదైనా పని చూసుకోండి," అని భార్య పోరు పెట్టింది. అప్పుడు ఎవరో చెబితే ఈ పరిశోధన ఆఫీసుకి వచ్చాడు.

టైర్ల దుకాణం మీద రెండు గదులు, ఒక వరండా, అదీ ఆఫీసు. కింద టైర్లకి గాలి కొడుతుంటే పైన బల్లలు వణికేవి. దాన్ని నడిపే మేడమ్ లెక్కల్లో పెద్ద చదువు చదివిన మనిషి. ఆమెకి చాదస్తం ఎక్కువ, గర్వం తక్కువ. ఒక సంస్థ ఇంటి పట్టునుండే ఆడవాళ్ళకి ఆరునెలలు కుట్టుపని నేర్పి, తలా ఒక మిషను ఇచ్చింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ, మిషన్లు తక్కువ కాబట్టి చీటీలు తీశారు. చీటీ వచ్చినవాళ్ళకి మిషను, రానివాళ్ళకి నమస్కారం. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు రెండు రకాల వాళ్ళనీ మళ్ళీ మళ్ళీ కలిసి, మిషను వచ్చినవాళ్ళ బతుకు రానివాళ్ళకన్నా బాగుపడిందా లేదా అని తేల్చడం ఈ ఆఫీసు పని. నేర్పిన సంస్థ వేరు, కొలిచేవాళ్ళు వేరు. వండినవాళ్ళే రుచి చెబితే ఎవరు నమ్ముతారని మేడమ్ అనేది.

మొదటిరోజే బాబాయ్ ఒక ప్రశ్న అడిగాడు. అంతమందిలో ఓ పదిమంది దొరక్కపోతే కొంపలు మునుగుతాయా అని. మేడమ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పరీక్ష రోజున క్లాసులో సగంమంది రాలేదనుకోండి బాబాయ్. వచ్చినవాళ్ళ మార్కులు చూసి, ఈ మాస్టారు బాగా చెప్పారనో, చెప్పలేదనో అనగలమా? రానివాళ్ళు ఎందుకు రాలేదో తెలియాలి కదా. జ్వరమొచ్చి రాలేదా, ఇంకా మంచి బడిలో చేరి రాలేదా?"

ఆ మాట ఆయనకి బాగా నచ్చింది. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే చెప్పేవాడు, తన సొంతమాటే అన్నట్టు.

మనుషుల్ని వెతకడంలో ఆయనకో ఒడుపుండేది. ఫలానావాళ్ళు ఎక్కడికెళ్ళారని ఎప్పుడూ సూటిగా అడిగేవాడు కాదు. అడిగేవాణ్ణి చూస్తే లోకానికి అనుమానం. అందుకని తప్పు చెప్పేవాడు. "ఆ డ్రైవరు గారు కుటుంబంతో సహా సముద్రం దాటి వెళ్ళిపోయారటగా," అనేవాడు పక్కింటావిడతో, ఏమీ ఎరగనట్టు. "సముద్రమూ లేదు, చెరువూ లేదు, రైలుగేటు అవతలే ఉన్నాడు, నిన్ననే కూరగాయల దగ్గర కనబడ్డాడు," అనేది ఆవిడ. సాయం చెయ్యమంటే కదలనివాళ్ళు కూడా, తప్పు దిద్దడానికైతే పనులు మానుకుని వస్తారని కొత్తగా చేరిన పిల్లలకి నవ్వుతూ నేర్పేవాడు. వాళ్ళు రాసుకునేవారు.

మూడో విడత సర్వే మొదలైనప్పుడు దొరకని పేర్లలో ఒక వెల్డర్ భార్య పేరు వచ్చింది. చీటీలో మిషను వచ్చిన మనిషి. మొదటి విడతలో ఉంది, రెండో విడతలోనూ ఉంది. రెండోసారి ఆమెతో మాట్లాడిన సర్వే అమ్మాయికి గుర్తుంది, మొగుడు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడట, ప్రతి ప్రశ్నకీ ఆమె "అంతా బాగానే ఉంది" అందట. మూడోసారి వెళ్ళేసరికి ఆమె లేదు, కూతురు లేదు, మిషనూ లేదు.

బాబాయ్ ముందు ఆ వెల్డర్ దగ్గరికే వెళ్ళాడు. షాపు వెనకాల ఒక్క గది. కాలిన ఇనుము వాసన. అతను మర్యాదగానే మాట్లాడాడు. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. వెళ్ళిపోయి ఏడాది దాటింది సార్, చెప్పకుండా పోయింది, పిల్ల మొహం మరిచిపోతానేమోనని భయంగా ఉంది అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవని బాబాయ్ ఆరోజూ అనుకోలేదు, తర్వాత కూడా అనలేకపోయాడు. దొరికితే తనకొక్క మాట చెప్పమని అతను బతిమాలాడు. సర్వేలో ఎవరి సంగతీ ఎవరికీ చెప్పకూడదు బాబూ, మాకది ఒట్టులాంటిది అని బాబాయ్ టీగ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

మొదటి విడతలో ప్రతివాళ్ళనీ, మీరు కనిపించకపోతే ఎవర్ని అడగాలి అని ఇద్దరి పేర్లు అడిగి రాసుకునేవారు. ఈమె చెప్పిన ఇద్దరిలో ఒకరు ఆడపడుచు, అంటే ఆ వెల్డర్ అక్క. పిండిమర నడుపుతుంది. రెండోది తనతోపాటు కుట్టుపని నేర్చుకున్న స్నేహితురాలు. ఆవిడకి దారాలు, గుండీలు అమ్మే చిన్న దుకాణముంది. ఆడపడుచు ఏమీ తెలియదని చేతులు దులుపుకుంది, పిండి రేగింది. దారాల దుకాణంలో మాత్రం బాబాయ్‌కి ఏదో తగిలింది. తెలియదని ఆవిడ చెప్పిన తీరులో, ఇంతకుముందు చాలామందికి చెప్పి చెప్పి నున్నబడిన నునుపుంది.

ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళాడు. ఇంకోసారీ వెళ్ళాడు. ఎత్తులేమీ వెయ్యలేదు. పరీక్షకి రానివాళ్ళ కథ చెప్పాడు. మిషను వల్ల ఆమెకి మంచే జరిగిందేమో, ఆ మంచి లెక్కలోకి రాకపోతే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో ఆడదానికి మిషను ఇవ్వరేమో అన్నాడు. దారాలావిడ చాలాసేపు గుండీలు వేరుచేస్తూ కూర్చుంది. చివరికి ఒక ఊరి పేరు చెప్పి, "మీ మొహం చూసి చెబుతున్నాను," అంది.

ఆ ఊళ్ళో బస్సు డిపో వెనకాల పెద్ద రేకుల షెడ్డు. చుట్టుపక్కల బడి పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టేది అక్కడే. సాయంత్రం షెడ్డు వదిలాక, ఆమె ఉండే గదికి వెళ్ళాడు. మేడ మీద గది. తలుపు గొలుసు తియ్యకుండానే ఎవరని అడిగింది. ఆయన తన కార్డు చూపించి రెండు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు, భయపడకుండా ఉంటుందని. ఎవరు చెప్పారని అడిగింది. మీ స్నేహితురాలే అన్నాడు. కాసేపటికి గొలుసు తీసిన చప్పుడైంది.

గది శుభ్రంగా ఉంది. కిటికీ కింద ఆ మిషనే, సంస్థ ఇచ్చిందే. దాని పక్కన నేలమీద కూర్చుని కూతురు లెక్కలు చేసుకుంటోంది. ఆమె మంచినీళ్ళిచ్చి, చేతికందే దూరంలో కత్తెర పెట్టుకుని కూర్చుంది. ఆ కత్తెర ఎందుకో ఆయనకి అర్థమైంది, అర్థం కానట్టు ఊరుకున్నాడు. మొదలుపెట్టే ముందు చెప్పాల్సిన మాటలు చెప్పాడు. మీ పేరు ఎక్కడా రాదు, మీరున్న చోటు ఎవరికీ చెప్పం, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యచ్చు, చెప్పినవి తీసెయ్యమన్నా తీసేస్తాం అని. వేలసార్లు చెప్పిన మాటలు. ఆమె ఒక్కొక్కటీ విని తలూపింది.

ప్రశ్నలు సాగాయి. ఎంత సంపాదన, ఎవరి చేతిలో ఉంటుంది, పిల్లకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి ఎవర్నైనా అడగాలా. "ఎవర్నడగాలి బాబాయ్ గారూ, తలుపు తాళమేసుకుని వెళ్ళడమే," అంది. అప్పటికి పిలుపులో సార్ పోయి బాబాయ్ గారు వచ్చింది. చివరి ప్రశ్న దగ్గర, ఈ శిక్షణ వల్ల మీ జీవితంలో ఏమైనా మార్పు వచ్చిందా, బాగా వచ్చిందా, కొంచెం వచ్చిందా, అసలు రాలేదా అని చదివాడు.

ఆమె మొదటిసారి నవ్వింది. "ఆ మూడింటిలోనే చెప్పాలా?"

"అంతేనమ్మా. ఇందులో మూడే ఉన్నాయి."

"ఆ మిషను లేకపోతే నేను ఆ ఇంట్లోంచి ప్రాణంతో బయటికి వచ్చేదాన్ని కాదు. బాగా అని రాసుకోండి. ఏదో ఒకటి రాసుకోవాలి కదా."

ఆయన బాగా అని గుర్తు పెట్టాడు. ఖర్చుల సంగతి పదిహేను రోజులాగి మళ్ళీ వచ్చి అడగాలి, అది సర్వేలో రెండో భాగం. వస్తానని చెప్పి లేచాడు. పిల్ల మెట్ల దాకా వచ్చి లైటు వేసింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయనకి మనసు తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళ వెతుకులాటలో పోయినవాళ్ళని చూశాడు, చితికినవాళ్ళని చూశాడు. ఇలా లేచి నిలబడ్డ మనిషి దొరకడం అరుదు. ఇంటికెళ్ళాక భార్యతో కూడా పేరు చెప్పకుండా, ఇవాళ ఒక మంచిమనిషిని చూశానని మాత్రం అన్నాడు.

తర్వాత నాలుగైదు రోజులకి, ఇంకెవరినో వెతుకుతూ ఆ పిండిమర వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చింది. ఆడపడుచు ఆయన్ని చూసి మర ఆపేసింది. ఆ హోరు ఆగేసరికి వీధి ఒక్కసారి ఖాళీ అయినట్టుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన మరదలు చెడు దారి పట్టిందట, ఒళ్ళమ్ముకు బతుకుతోందట, పిల్లని ఎవరికో ఇచ్చేసిందట, పదిమందీ అంటున్నారు, మాకు తలెత్తుకోవడానికి లేదు, ఆ పసిదాని గతి తలుచుకుంటే ముద్ద దిగడం లేదు అంది.

బాబాయ్ లేవబోయాడు. ఆవిడ ఇంకా ఏడ్చింది. ఆ మేడ మీది గది ఆయన కళ్ళముందు మెదిలింది, లెక్కలు చేసుకుంటున్న ఆ పిల్ల, ఆ తుడిచిన నేల. అంత గౌరవంగా బతుకుతున్న మనిషి మీద అంత మాట పడుతుంటే ఓర్చుకోలేకపోయాడు.

"అలా అనకండమ్మా, తప్పు. ఆవిడ నిక్షేపంలా ఉంది. యూనిఫారాలు కుట్టుకుంటూ మర్యాదగా బతుకుతోంది. పిల్ల కూడా బాగా చదువుకుంటోంది. ఆ బెంగ పెట్టుకోకండి."

ఊరి పేరు చెప్పలేదు. ఆ ఒక్కటీ చెప్పలేదని చాలాకాలం తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ఆ చుట్టుపక్కల యూనిఫారాలు కుట్టే షెడ్డు ఒక్కటే ఉంది. కొత్తపిల్లలకి నవ్వుతూ నేర్పిన ఎత్తే తన మీద ఎవరో వేశారని, ఆ క్షణాన తట్టనే లేదు. ఆవిడ కావాలని వేసిందో, నిజంగానే ఏడ్చిందో కూడా ఎప్పటికీ తెలియలేదు. తమ్ముడి మీది ప్రేమతో అతనికి చెప్పి ఉండచ్చు, పిల్లని చూసొస్తాడులే అని చెప్పి ఉండచ్చు. లోకంలో చెడు చేసేవాళ్ళంతా కత్తి పట్టుకునే రారు.

పదిహేను రోజుల తర్వాత రెండో భాగానికి వెళ్ళాడు. మేడ మీద గదికి తాళం. తాళం కూడా కొత్తది. షెడ్డుకి వెళ్ళాడు. మధ్యాహ్నం విరామంలో ఆడవాళ్ళు గోడ నీడన కూర్చుని ఉన్నారు. ఈయన ఆమె పేరు చెప్పి అడగగానే మాటలు ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దావిడ, కాజాలు కుట్టే ఆవిడ, లేచి వచ్చి ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది.

వెల్డర్ వచ్చాడట. పనివేళలోనే, పట్టపగలే. ముందు మెల్లగా పిలిచాడట, ఇంటికి పోదాం రా అని. రానంది. జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆమె మిషను బల్ల పట్టుకుంటే, బల్లతో సహా లాగాడు. గడప మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. అందరూ కత్తెర్లు పట్టుకుని లేచారు, అప్పుడు వదిలి పారిపోయాడు. షెడ్డు యజమాని చెడ్డవాడు కాదు, ఆస్పత్రికి తనే తీసుకెళ్ళాడు. కట్టు కట్టించి తీసుకొచ్చాక మాత్రం, ఇక్కడ ఇంతమంది ఆడవాళ్ళున్నారమ్మా, రేపు మళ్ళీ వస్తే నేనేం చెయ్యను, నువ్వు వేరే చోటు చూసుకో అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఒక్క చేత్తో సామాను సర్దుకుని, పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. మిషను మోసుకుపోలేక ఇక్కడే ఎవరికో ఇచ్చేసింది.

"మీరేనా సర్వే ఆయన?" అని అడిగింది కాజాలావిడ.

అవునన్నాడు.

"మీరొస్తే చెప్పమంది. తన జవాబులన్నీ తీసెయ్యమంది. వద్దంటే తీసేస్తామని మీరే చెప్పారటగా."

"ఇంకేమైనా అందా?"

"మిమ్మల్ని తిట్టలేదు. తలుపు తియ్యకుండా ఉండాల్సింది అంది, అంతే."

ఆయన గోడ నీడన కూర్చున్నాడు. కాజాలావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గంట కొట్టారు, అందరూ లోపలికి వెళ్ళారు, మిషన్లు మొదలయ్యాయి.

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. పేరు చెప్పకుండా, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. మధ్యలో ఆపలేదు, ఓదార్చనూ లేదు. విన్నాక, "పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు," అంది. మడత పెట్టినవాటినే మళ్ళీ విప్పి మడత పెడుతూ, "మీరు మంచికే అన్నారు, కాదనను. ఆ పిల్ల బడి ఏమైందో," అంది.

మర్నాడు మేడమ్‌కి చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు, బాబాయ్ నోరు జారే మనిషి కాదని ఆమె లెక్క. నమ్మాక లేచి తలుపు వేసింది. ఆమె ఆయన మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత భార్యతో అన్నాడు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, అసలు ఆ ఇద్దరి పేర్లు తీసుకునేటప్పుడు ఇంట్లో కొట్టే మనిషి ఉన్నాడా లేదా అని ఆలోచించలేదు, మొగుడి అక్క పేరు మొగుడి ఎదురుగా రాయించుకున్నాం, అది నా తప్పు అంది మేడమ్. అదీ నిజమే. కానీ ఆ నిజం వల్ల ఆయన భుజాల మీద బరువేమీ తగ్గలేదు.

పైవాళ్ళకి జరిగింది జరిగినట్టు రాసి పంపింది. పద్ధతులు మార్చారు. వెతికేవాళ్ళు ఎవరితోనూ దొరికిందని గానీ, దొరకలేదని గానీ అనకూడదన్నారు. వెతకాలో వద్దో ముందు ఒకరు ఆలోచించి చెప్పాలన్నారు. ఆమె కోరినట్టే ఆమె జవాబులన్నీ తీసేశారు, మూడు విడతలవీ. ఆ తీసేసే పని దగ్గర బాబాయ్ పక్కనే నిలబడ్డాడు. కంప్యూటర్ అమ్మాయి మీట నొక్కింది, వరసలు పైకి జరిగాయి, మధ్యలో ఖాళీ కూడా కనబడలేదు.

షెడ్డు ఊళ్ళో వాకబు చేస్తే ఆమె ఎటు వెళ్ళిందో ఆయనకి తెలిసేదే. ఆస్పత్రిలో కట్టు విప్పించుకోవడానికి ఎక్కడో ఒకచోటికి వెళ్ళాలి, పిల్ల బడి కాగితాలు ఎవరో ఒకరు అడగాలి. మనసు తనంతట తానే దారులు గీసేది. క్షమించమని ఒక్కమాట అడిగి వచ్చేస్తే చాలనిపించేది. ఆ ఒక్కమాట కోసం మళ్ళీ ఆమె తలుపు తట్టాలి. అందుకని వెళ్ళలేదు.

దారాల దుకాణానికి మాత్రం వెళ్ళాడు, తిట్లు తినడానికే. ఆవిడ తిట్టింది. మీ మొహం చూసి చెప్పానే, ఆ మొహం ఇప్పుడెలా చూపిస్తున్నారని అడిగింది. ఆయన నిలబడి విన్నాడు. ఏడాది పోయాక ఆ దారినే వెళ్తుంటే ఆవిడే పిలిచింది. మనిషి సగమైపోయాడని జాలిపడింది కాబోలు, గొంతు తగ్గించి, "బాబాయ్ గారూ, మొన్న ఫోన్ చేసింది. ఇప్పుడు తను..." అని మొదలుపెట్టింది.

"చెప్పకమ్మా," అన్నాడు.

"బాగుందో లేదో అయినా వినరా?"

వినాలని ఉంది. ఆయన బల్లమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆమె చెయ్యి ఎలా ఉందో, మళ్ళీ కత్తెర పట్టగలుగుతోందో, పిల్ల ఏ తరగతిలో ఉందో వినాలని ఉంది. "నా చెవిన పడింది నాతో ఉండదని తేలిపోయింది కదమ్మా," అని గొడుగు తీసుకుని బయటికి వచ్చేశాడు.

సర్వే ముగిసి, లెక్కలన్నీ కట్టి, నివేదిక వచ్చింది. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించింది. మిషను వచ్చినవాళ్ళ సంపాదన కాస్త పెరిగిందట. ఇంట్లో వాళ్ళ మాట చెల్లడంలో మాత్రం, మిషను రానివాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. బాబాయ్ ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది.

"ఆవిడ ఉండుంటే?" అని అడిగాడు.

"ఒక్కరితో మారదు బాబాయ్." మేడమ్ కళ్ళజోడు తీసింది. "కానీ దొరకనివాళ్ళు మిషను వచ్చినవాళ్ళలోనే ఎక్కువున్నారు. వాళ్ళెందుకు దొరకలేదో మనకి తెలియదు. అందరూ ఆవిడలాగే బయటపడ్డారో, ఇంకా లోతుకి పోయారో చెప్పలేం. అదే రాశాను, చివర్లో, చిన్న అక్షరాల్లో."

ఆ చిన్న అక్షరాలు ఎవరైనా చదువుతారా అని ఆయన అడగలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు. కార్యక్రమాన్ని ఇంకో ఊళ్ళో మొదలుపెట్టాలన్న ఆలోచన సంస్థ విరమించుకుందని తర్వాత తెలిసింది.

మానేసిన మరుసటి ఏడు, బావమరిది కూతురు ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఎవరో అబ్బాయితో వెళ్ళిందన్నారు కొందరు, ఒక్కతే వెళ్ళిందన్నారు కొందరు. ఆ పిల్లని చిన్నప్పుడు బాబాయ్ భార్యే ఎత్తుకుని పెంచింది, అత్తా అత్తా అని కొంగు పట్టుకుని తిరిగేది. బావమరిది మాసిన గడ్డంతో వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. పోలీసుల దగ్గరికెళ్తే పరువు పోతుందన్నాడు.

"ఊళ్ళో వాళ్ళందర్నీ వెతికిపెట్టావు బావా. నా కూతుర్ని వెతకవా?"

బాబాయ్ ఆ పిల్ల ఎందుకు వెళ్ళిందని అడిగాడు. బావమరిది నేల చూశాడు. ఆ పిల్ల ఎక్కడుండవచ్చో, ఎవర్ని ఎలా కదిపితే తెలుస్తుందో కూర్చున్నచోటే బాబాయ్‌కి తట్టింది. అది బయటపెట్టలేదు. "రావాలనుకుంటే అదే వస్తుంది, దానికి దారి తెలుసు. ఫోన్ చేస్తే మాత్రం తిట్టకుండా మాట్లాడు," అన్నాడు.

బావమరిది లేచి చెప్పులు వేసుకున్నాడు. తన రక్తం కాదు కాబట్టి నొప్పి లేదన్నాడు, ఇంక ఈ గడప తొక్కనన్నాడు. నిజంగానే మళ్ళీ రాలేదు.

భార్య వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది. ఆరోజంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న టీ పట్టుకొచ్చి, పక్కన కూర్చుని ఏడ్చింది. వెతకమని అనలేదు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పటినుంచి ఆవిడ తన ఫోన్ ఎక్కడికెళ్ళినా కొంగున చుట్టుకుని తీసుకెళ్తుంది, స్నానానికి వెళ్తే ఆయన చేతికిచ్చి మోగితే పిలవమంటుంది. ఆయన బాత్రూమ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఆ ఫోన్ రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఇప్పటివరకు ఆ పిల్ల చెయ్యలేదు.